బర్రె దాటిపోయింది, దడ మాత్రం పోలేదు

(రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో ఒక ఆర్టీసీ డిపోలో సిబ్బందికి, వాళ్ళ కుటుంబాలకి ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం ఇది. ఆ పూట డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగ్ విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. డిపో మేనేజర్ డీఎం గారికి, కంట్రోలర్ గారికి, గ్యారేజీలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మెకానిక్ అన్నలకి, పని పక్కనపెట్టి వచ్చిన అక్కలకి, చెల్లెళ్ళకి. డ్యూటీ టైమ్ అయినవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను. నా ఉపన్యాసం వల్ల సర్వీసు లేటయి మీకు మెమో వచ్చిందంటే అది నాకు మంచిది కాదు.

నన్ను పిలిచినప్పుడు, "సార్, టెన్షన్ తగ్గించుకోవడం ఎట్లనో మావాళ్ళకి చెప్పండి" అన్నారు. సరే అన్నాను. ముందు ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. "టెన్షన్ తీసుకోకు" అని మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదా? ఇంట్లో చెప్పారు. డాక్టర్ చెప్పాడు. వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో సహా వస్తుంది. చెప్పాక ఎవరికైనా తగ్గిందా? చేతులెత్తండి. ఒక్క చెయ్యి లేదు చూడండి. నాక్కూడా తగ్గలేదు.

ఆ ఒక్క మాట చెప్పి పంపేస్తే డాక్టర్‌కి పని తేలిక. కానీ అది వైద్యం కాదు. కాబట్టి టెన్షన్ పడొద్దని ఇవాళ నేను చెప్పను. అది ఒంట్లో ఎట్లా మొదలవుతుంది, ఎంతసేపు ఉండాలి, అంతకంటే ఎక్కువసేపు ఎందుకు ఉండిపోతోంది, అది చెబుతాను. తర్వాత మీకు చెప్పాల్సినవి కొన్ని, మీ పై అధికారులకి చెప్పాల్సినవి కొన్ని. డీఎం గారు ముందు వరసలోనే కూర్చున్నారు, కాబట్టి తప్పించుకోలేరు.

రాత్రి సర్వీసు. బండి అరవైలో పోతోంది. లైట్ల వెలుగులో ఉన్నట్టుండి బర్రె. ఏం చేస్తారు? "బ్రేక్ కొడతాం." ఆలోచించి కొడతారా? ఇది బర్రె, ఇంత దూరంలో ఉంది, బండి ఇంత స్పీడులో ఉంది అని లెక్కేసి కొడతారా? లేదు. కాలు ముందు పడుతుంది. అది బర్రె అని తర్వాత తెలుస్తుంది. అవునా కాదా?

ఇదెట్లా జరిగింది? మెదడులో రెండు కణతల వెనక లోతుగా అమిగ్డాలా అని చిన్న భాగాలుంటాయి. ప్రమాదాన్ని పసిగట్టడమే వాటి పని. కంటికి కనిపించింది ఏమిటో మనకి పూర్తిగా అర్థమయ్యేలోపే అవి కబురు పెట్టేస్తాయి. ఆ కబురు హైపోథలమస్‌కి వెళుతుంది, అక్కడినుంచి నరాల ద్వారా అడ్రినల్ గ్రంథులకి వెళుతుంది. ఎక్కడుంటాయి ఈ గ్రంథులు? మూత్రపిండాల పైన, ఒక్కోదాని మీద ఒక్కోటి. బరువెంత? నాలుగైదు గ్రాములు. అంతే. ఆ నాలుగైదు గ్రాముల గ్రంథి విడిచిన అడ్రినలిన్ సెకన్లలో ఒళ్ళంతా పాకుతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి గొట్టాలు వెడల్పవుతాయి. కంటిపాప విచ్చుకుంటుంది. కాలేయం దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది. పొట్టకి వెళ్ళే రక్తం తగ్గి కండలకి వెళుతుంది. దెబ్బ తగిలితే రక్తం ఎక్కువ పోకుండా తొందరగా గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. నోరెండిపోతుంది, ముచ్చెమటలు పడతాయి. ఇవన్నీ ఒకేసారి.

అమెరికాలో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అని ఒకాయన ఉండేవాడు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టారు కదా, ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకే, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, పిల్లులకి బిస్మత్ కలిపిన తిండి పెట్టి పొట్ట ఎట్లా కదులుతుందో ఎక్స్‌రేలో చూసేవాడు. ఆయనకి ఒక చిక్కు వచ్చింది. పిల్లికి భయం వేసినా, చిరాకు పుట్టినా పొట్ట కదలిక టక్కున ఆగిపోయేది. మొదట ఇదేమిటి నా పరీక్షకి అడ్డం అనుకున్నాడట. తర్వాత అదే ఆయన జీవితకాలపు పరిశోధన అయింది. పోరాడాలన్నా పారిపోవాలన్నా ఒళ్ళు ఇట్లా సిద్ధమవుతుందని లోకానికి చెప్పింది ఆయనే. గొడవపడి అన్నం తింటే ఒంటికి పట్టదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారే, ఆయన దాన్ని ఎక్స్‌రేలో చూశాడు.

సరే, బ్రేక్ పడింది, బర్రె పోయింది. ప్రయాణికులు రెండు తిట్లు తిట్టి మళ్ళీ నిద్రపోయారు. మీరు బండి పక్కకి ఆపారు. అప్పుడు వణుకుతాయి చేతులు. అవునా? బర్రె ఉన్నప్పుడు వణకని చేతులు, బర్రె పోయాక వణుకుతాయి. ఎందుకని? అడ్రినలిన్ ఇంకా రక్తంలో ఉంది. ఖర్చు చేయడానికి పని లేదు. కొన్ని నిమిషాలు పడుతుంది అది తగ్గడానికి. చాలామంది డ్రైవర్లు నాతో, "సార్, నాకు ధైర్యం తగ్గింది, చేతులు వణుకుతున్నాయి" అన్నారు. ధైర్యం తగ్గడం కాదది. నలభైమందిని కాపాడిన మందు ఇంకా ఒంట్లో దిగలేదు, అంతే.

ఇక్కడిదాకా స్ట్రెస్ మనకి శత్రువు కాదు. నేను చెప్పేది జాగ్రత్తగా వినండి, ఇక్కడిదాకా శత్రువు కాదు. అది లేకపోతే మీరెవరూ ఇక్కడ ఉండరు, నేను కూడా ఉండను.

దీని వెనకే రెండో హార్మోన్ వస్తుంది. కార్టిసాల్. ఇది నిదానంగా వస్తుంది. హైపోథలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడినుంచి రక్తంలో ప్రయాణం చేసి అడ్రినల్ పైపొరకి కబురందాలి. అందుకే నిమిషాలు పడుతుంది, ఇరవై ముప్పై నిమిషాలకి బాగా పెరుగుతుంది. దీని పని ఏమిటంటే, ఆపద ఇంకా అయిపోలేదేమో అని చక్కెర పైనే నిలబెట్టడం, ఇప్పుడు అవసరం లేని పనులన్నీ వాయిదా వేయడం. అరుగుదల తర్వాత, గాయం మానడం తర్వాత, పిల్లలు పుట్టడం తర్వాత, రోగాలతో పోరాడటం కూడా తర్వాత. ముందు ఈ గండం గట్టెక్కనీ. ఆపద పోగానే మెదడే "ఇక చాలు" అని ఆపేస్తుంది. ఆపేయాలి.

మరి ఆపద పోకపోతే?

బర్రె పది సెకన్లలో పోతుంది. ట్రిప్పుకి ఇచ్చిన రన్నింగ్ టైమ్ సరిపోకపోవడం పది సెకన్లలో పోతుందా? కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కి వచ్చే కిలోమీటర్లు, తగ్గిందని పిలిచి అడగడం పోతుందా? కిక్కిరిసిన బస్సులో ఒక్కొక్కరి ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టాల్సిన కండక్టరమ్మకి, వెనక నుంచి "రైట్ రైట్" అని అరుస్తుంటే, చెకింగ్ ఎక్కడ ఎక్కుతుందో అన్న గుబులు పోతుందా? ఇంటికెళితే లోన్ కిస్తీ. అమ్మాయికి ఇంటర్ ఫీజు. అమ్మకి మోకాళ్ళు. వీటికోసం ఒంట్లో వేరే ఏర్పాటు ఏమీ లేదు. బర్రెకి ఏ గంట మోగిందో, కిస్తీకి కూడా అదే గంట. కాకపోతే చిన్నగా మోగుతుంది, రోజంతా మోగుతుంది. క్లచ్ మీద కాలు పెట్టి ఉంచి బండి నడిపే డ్రైవర్‌ని చూశారా? బండి ఆగదు, నడుస్తూనే ఉంటుంది. క్లచ్ ప్లేట్ సంగతి మాత్రం గ్యారేజీలో తెలుస్తుంది. మెకానిక్ అన్నలు నవ్వుతున్నారు, వాళ్ళకి ఆ డ్రైవర్లెవరో తెలుసు.

దీన్ని మొదట గుర్తించింది హాన్స్ సెల్యీ. వియన్నాలో పుట్టాడు, కెనడాలో మాంట్రియల్‌లో పనిచేశాడు. ఎలుకలకి అండాశయాల నుంచి తీసిన సారం ఎక్కించి కొత్త హార్మోన్ దొరుకుతుందేమో అని వెతుకుతున్నాడు. ఎలుకల్ని కోసి చూస్తే మూడు మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధానికి పనికొచ్చే థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుళ్ళు పడ్డాయి. కొత్త హార్మోన్ దొరికిందని సంబరపడ్డాడు. అనుమానం తీర్చుకోవడానికి ఫార్మలిన్ ఎక్కించాడు. అవే మూడు. చలిలో పెట్టాడు. అవే మూడు. అలిసిపోయేదాకా పరిగెత్తించాడు. మళ్ళీ అవే మూడు! హార్మోన్ ఆశ పోయింది కానీ అంతకంటే పెద్దది దొరికింది. బాధ ఏదైనా ఒంటి జవాబు ఒకటే అని. 1936లో నేచర్ పత్రికలో రాశాడు, ఒక పేజీ నిండని వ్యాసం.

ఆయన మూడు దశలు చెప్పాడు. మొదట గాబరా, తర్వాత తట్టుకోవడం, చివరికి చేతులెత్తేయడం. నన్నడిగితే మధ్య దశతోనే ప్రమాదం. ఎందుకంటే ఆ దశలో మనిషి బాగానే ఉంటాడు. డబుల్ డ్యూటీ చేస్తాడు, నైట్ హాల్ట్ చేస్తాడు, పెళ్ళిలో డాన్స్ కూడా చేస్తాడు. "నాకేం కాలేదు డాక్టర్ సాబ్, మా ఆవిడ ఊరికే తీసుకొచ్చింది" అంటాడు. బీపీ చూస్తే నూట డెబ్బై బై నూట పది. సెల్యీ తర్వాత వచ్చినవాళ్ళు ఇంకో సంగతి కూడా కనుక్కున్నారు. చివర్లో ఒళ్ళు పాడయ్యేది హార్మోన్లు అయిపోయి కాదు, చాలాసార్లు హార్మోన్లు ఆగక. కాపాడటానికి వచ్చినవే ఎక్కువకాలం ఉండి పాడుచేస్తాయి.

ఏమేం పాడవుతాయి? బీపీ మాటిమాటికీ పెరుగుతుంటే రక్తనాళం గోడ దానికి తట్టుకోవాలి కదా, మందమవుతుంది, గట్టిపడుతుంది. గట్టిపడ్డాక టెన్షన్ లేనప్పుడు కూడా బీపీ దిగదు. చక్కెర నిలబెట్టడం కార్టిసాల్ పని అన్నాను కదా, దాంతో షుగర్ వచ్చే అవకాశం ఉన్నవాళ్ళకి తొందరగా వస్తుంది, ఉన్నవాళ్ళకి అదుపు తప్పుతుంది. కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. అసలు మన దేశంవాళ్ళకి సన్నగా ఉన్నా పొట్ట, పొట్టతో పాటు షుగర్ వచ్చే గుణం ఎక్కువ. దానికి రోజంతా కూర్చునే పని తోడు. మెడ పట్టేయడం, నడుం పట్టేయడం మీకు నేను చెప్పక్కర్లేదు.

కడుపులో పుళ్ళ గురించి ఒక మాట. చాలాకాలం డాక్టర్లు కూడా అల్సర్ అంటే టెన్షనే కారణం అనేవాళ్ళు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అని ఇద్దరు, కాదు, హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తానే తాగేశాడు. కడుపు వాచింది, రుజువైంది, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇదెందుకు చెబుతున్నానంటే, ప్రతిదీ టెన్షన్ మీదకి తోసేయకండి. ఎండోస్కోపీ చేస్తే ఆ బాక్టీరియా దొరకొచ్చు, మందులతో పోతుంది. ఇంకొకటి, నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే పెయిన్‌కిల్లర్ గోళీలు. అవి కూడా పుళ్ళు చేస్తాయి, మూత్రపిండాలు కూడా పాడుచేస్తాయి. ఎవరి జేబులో ఉన్నాయో చూడమంటారా? వద్దులెండి.

టెన్షన్ మీదకి తోసేయకూడనిది అన్నిటికంటే ముఖ్యం గుండెనొప్పి. మనకో అలవాటుంది. ఛాతీ పట్టేస్తే గ్యాస్. చెయ్యి లాగితే గ్యాస్. సోడా తాగుతాం, ఈనో తాగుతాం, త్రేన్పు వస్తే తగ్గిపోయిందనుకుంటాం. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి, ఎడమ చేతికో దవడకో పాకి, చల్లటి చెమట పడితే అది గ్యాస్ అని తేల్చాల్సింది మీరు కాదు, ఈసీజీ. ఆడవాళ్ళకైతే నొప్పే లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంతో కూడా రావచ్చు. స్టీరింగ్ మీద ఉండగా వస్తే బండి పక్కకి తీసి ఆపండి, కండక్టర్‌కి చెప్పండి, 108కి ఫోన్ చేయించండి. తర్వాతి స్టేజీ దాకా పోదాం అనుకోకండి. ఉద్యోగం పోతుందేమో, అన్‌ఫిట్ చేస్తారేమో అని దాచేవాళ్ళున్నారని నాకు తెలుసు. ఆ భయం ఉత్తదే అని నేననను. కానీ వెనక నలభైమంది ఉన్నారు.

ఇంట్లో ఉండే అక్కలకి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో కీకోల్ట్ గ్లేజర్ అనే శాస్త్రవేత్త బృందం 1995లో ఒక పరిశోధన అచ్చువేసింది. మతిమరుపు జబ్బు వచ్చిన ఇంటివాళ్ళకి ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న ఆడవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళ వయసే ఉండి, ఆ భారం లేనివాళ్ళని ఇంకొందరిని తీసుకున్నారు. అందరి చేతి మీదా ఒకే కొలతలో, మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. సేవ చేస్తున్నవాళ్ళ గాయం మానడానికి తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. చర్మానికేం తెలుసు, ఇంట్లో ఎవరికి బాగాలేదో? తెలుసు. గాయం మానడం వాయిదా వేసే హార్మోన్ గురించి ఇందాక చెప్పాను కదా. అత్తగారిని మంచంలో చూసుకుంటూ, ఆయన నైట్ డ్యూటీ నుంచి వచ్చేదాకా కాచుకుని ఉండే ఆవిడ "నేనేం పని చేస్తున్నా సార్, ఇంట్లోనే ఉంటా" అంటుంది. ఆవిడ బీపీ ఎవరూ చూడరు.

ఇక మెదడు. 1968లో న్యూయార్క్‌లో బ్రూస్ మెక్‌ఎవెన్ బృందం ఎలుకల మెదడులో ఒక సంగతి కనిపెట్టింది. ఈ హార్మోన్ వెళ్ళి అతుక్కునే చోటు మెదడులో ఉంది, అదీ హిప్పోకాంపస్‌లో, అంటే జ్ఞాపకాలు నిలబెట్టే చోట. అప్పటిదాకా ఇది ఒంటికి సంబంధించిన హార్మోన్ అనుకున్నారు. ఎక్కువకాలం ఈ హార్మోన్ పోటెత్తితే అక్కడి కణాల కొమ్మలు ముడుచుకుంటాయి. ముందుచూపుతో ఆలోచించి, కోపాన్ని ఆపి, "పోనీలే" అనిపించే భాగం నుదుటి వెనక ఉంటుంది, అది కూడా బలహీనపడుతుంది. అమిగ్డాలా మాత్రం ఇంకా చురుగ్గా తయారవుతుంది. అంటే ఏమైంది? గంట కొట్టేవాడికి బలం పెరిగింది, "ఆపరా" అనేవాడికి బలం తగ్గింది.

ఇది మీ బస్సులో ఎట్లా కనిపిస్తుంది? ఐదు రూపాయల చిల్లర దగ్గర గొంతు పెరుగుతుంది. వే బిల్లులో రాసిందే మళ్ళీ రాస్తారు. తాళం ఎక్కడ పెట్టారో గుర్తుండదు. రోడ్డు మీద చూపు ఇరుకవుతుంది, ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్కనుంచి దూరే బైకువాడు కనిపించడు. ఇంటికెళ్ళాక పిల్లాడు హోంవర్క్ పుస్తకం పట్టుకొస్తే చెంప పగులుతుంది. తర్వాత మీకే బాధ. అది మీ గుణం మారడం కాదు, మెదడు అలిసిపోవడం. కానీ దెబ్బ తిన్న పిల్లాడికి ఆ తేడా తెలియదు. అందుకే దీన్ని పట్టించుకోమంటున్నాను.

నిద్ర సంగతి వేరే చెప్పాలి. కార్టిసాల్‌కి రోజువారీ టైమ్ టేబుల్ ఉంది. తెల్లవారుజామున పెరిగి, లేచిన అరగంటకి బాగా పైకెళ్ళి, అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. నైట్ సర్వీసుకి ఒళ్ళు దిగే టైమ్‌లో మీరు ఎక్కుతున్నారు. ఫస్ట్ సర్వీసుకి మూడింటికి లేస్తున్నారు. నిద్ర పట్టక కొందరు క్వార్టర్ తెచ్చుకుంటారు. ఇక్కడ ఎవరూ లేరులెండి, పక్క డిపోలో! మందు నిద్ర పట్టిస్తుంది, నిజమే. కానీ రాత్రి రెండో సగంలో అదే నిద్ర చెడగొడుతుంది, బీపీ పెంచుతుంది, పొద్దున డిపోలో బ్రీత్ అనలైజర్ ఉండనే ఉంది. నిద్ర కోసం తాగి, నిద్రా పోగొట్టుకుని, ఉద్యోగం కూడా పోగొట్టుకున్నవాళ్ళని మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

టెన్షన్ ఎవరికి ఎక్కువ? పెద్ద ఆఫీసర్‌కా, కింది ఉద్యోగికా? "పెద్ద బాధ్యత, పెద్ద టెన్షన్" అంటాం. లండన్‌లో 1967లో దాదాపు 18,000 మంది ప్రభుత్వ ఉద్యోగుల్ని పరీక్షించడం మొదలుపెట్టి ఏళ్ళ తరబడి గమనించారు. మైకేల్ మార్మట్ అనే ఆయన ఆ లెక్కలు తేల్చారు. పై అధికారుల కంటే అన్నిటికంటే కింది మెట్టు మీదవాళ్ళలో చావులు సుమారు మూడు రెట్లు. మధ్యవాళ్ళు మధ్యలోనే ఉన్నారు. మెట్టు మెట్టుకీ తేడా. కిందివాళ్ళు సిగరెట్లు ఎక్కువ తాగుతారేమో అన్నారు. అదీ కలిపి, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కలిపి చూసినా సగం తేడాకి కూడా లెక్క తేలలేదు. 1985లో ఆడవాళ్ళని కూడా కలుపుకుని ఇంకో పదివేల మంది మీద మళ్ళీ మొదలుపెట్టారు. అప్పుడు తేలిన వాటిలో ముఖ్యమైనది, తన పని మీద తనకి చెల్లుబాటు ఎంత ఉంది అన్నది. ఏది ముందు చేయాలి, ఎప్పుడు ఆగాలి, ఎట్లా చేయాలి, ఇవి తన చేతిలో లేనివాళ్ళకి గుండెజబ్బు ఎక్కువ.

ఇంచుమించు ఇదే మాట 1979లో రాబర్ట్ కారసెక్ చెప్పాడు. పని ఒత్తిడి ఎక్కువ ఉండటం ఒక్కటే కాదు, ఒత్తిడి ఎక్కువ, పెత్తనం తక్కువ, ఈ రెండూ కలిసిన ఉద్యోగం మనిషిని తినేస్తుంది అని. ఇప్పుడు చెప్పండి, అట్లాంటి ఉద్యోగం ఏది? ట్రాఫిక్ మీ చేతిలో లేదు. సిగ్నల్ మీ చేతిలో లేదు. ఎంతమంది ఎక్కుతారో మీ చేతిలో లేదు. టైమ్ చార్ట్ మీరు రాసింది కాదు. బండి కండిషన్ మీరు ఎంచుకున్నది కాదు. ఏదైనా జరిగితే బాధ్యత మాత్రం మీది. ఇంక కండక్టర్ లేకుండా డ్రైవరే టికెట్ మిషన్ పట్టుకునే టిమ్ సర్వీసు అయితే స్టీరింగూ మీదే, టికెట్టూ మీదే.

లండన్‌లోనే 1953లో జెర్రీ మోరిస్ బస్సు డ్రైవర్లని, కండక్టర్లని పోల్చి చూశాడు. ఒకటే బస్సు, ఒకటే రోడ్డు, ఒకటే పొగ. డ్రైవర్లకి గుండెపోట్లు ఎక్కువ, కండక్టర్లకి తక్కువ. అవి డబుల్ డెక్కర్లు, కండక్టర్ రోజంతా మెట్లెక్కి దిగుతాడు. కాబట్టి నడక గుండెకి మంచిది అన్నాడు మోరిస్. అది నిజం, ఇప్పటికీ వ్యాయామం గురించి చెప్పేటప్పుడు అక్కడినుంచే మొదలుపెడతాం. మన హైదరాబాద్‌లో కూడా డబుల్ డెక్కర్లు తిరిగిన రోజులు సీనియర్లకి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు మన కండక్టర్లు మెట్లెక్కరు, జనంలో నిలబడి నలుగుతారు. వాళ్ళకి ఆ లాభం లేదు.

ఇంకొక్క ఎలుకల కథ, ఇదే ఆఖరు. న్యూయార్క్‌లో జే వైస్ అనే ఆయన 1970 ప్రాంతంలో రెండు ఎలుకల తోకలకి ఒకే వైరు కట్టి ఒకే కరెంటు షాక్ ఇచ్చాడు. ఒకదానికి షాక్‌కి ముందు శబ్దం వినిపిస్తుంది. రెండోదానికి శబ్దం వస్తుంది కానీ షాక్‌తో సంబంధం లేకుండా వస్తుంది. రెండో ఎలుకకి పుళ్ళు చాలా ఎక్కువ. కరెంటు తేడా ఏమన్నా ఉందా? అణువంత లేదు. తేడా ఎక్కడుంది? ఎప్పుడొస్తుందో తెలియడంలో. ఇంకోసారి ఒక ఎలుకకి చక్రం ఇచ్చాడు, తిప్పితే షాక్ ఆగుతుంది. రెండోదానికి చక్రం తిప్పినా లాభం లేదు. చక్రం పనిచేసిన ఎలుకకి పుళ్ళు తక్కువ.

డీఎం గారూ, ఇప్పుడు మీతో మాట్లాడతాను. మీకూ పైనుంచి టార్గెట్లున్నాయి, తెలుసు. బస్సులు ఇన్నే, మనుషులు ఇంతే. అవి మీ చేతిలో లేవు. కానీ డ్యూటీ చార్ట్ ఒక వారం ముందే గోడ మీద పెట్టడం మీ చేతిలో ఉంది. రేపు ఏ సర్వీసో ఇవాళ రాత్రి తొమ్మిదింటికి తెలియడం అంటే ఏమిటి? శబ్దం లేకుండా షాక్ ఇవ్వడం. ఇద్దరు మాట్లాడుకుని డ్యూటీ మార్చుకుంటామంటే వీలైనంతవరకు ఒప్పుకోండి. అది చక్రం. పాత రన్నింగ్ టైమ్ రాసినప్పుడు ఆ రోడ్డు మీద ఎన్ని సిగ్నళ్ళున్నాయి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, ఒకసారి మీరే ఆ సర్వీసులో కూర్చుని చూడండి. ఒకటి మాత్రం సిగ్గుపడకుండా చెప్పాలి. చివరి స్టేజీలో ఆడవాళ్ళకి బాత్రూమ్ లేకపోతే కండక్టరమ్మ నీళ్ళు తాగడం మానేస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, రాళ్ళు, తలనొప్పి అన్నిటికీ నా దగ్గరికి వస్తుంది. నేను యాంటీబయాటిక్ రాస్తాను. బాత్రూమ్ నేను రాయలేను కదా సార్.

ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. ఏంటి? "ఉద్యోగం మానేస్తే పోతుందా సార్?" పోదు తమ్మీ. ఉద్యోగం లేనివాడి టెన్షన్ ఇంకా పెద్దది, అక్కడ అసలే ఏదీ చేతిలో ఉండదు.

మీ చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. ఊపిరి. నవ్వకండి. ఊపిరి లోపలికి తీసేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. వేగస్ అనే నరం ఆ పని చేస్తుంది. కాబట్టి వదిలేది పొడుగ్గా ఉండాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరుసార్లు. బస్టాండులో ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడు మూడు నిమిషాలు చేయొచ్చు, ఎవరికీ తెలియదు కూడా. కళ్ళు మూసుకోవాల్సిన పని లేదు, మంత్రాలు లేవు. ఇది కిస్తీ కట్టదు, రన్నింగ్ టైమ్ పెంచదు. గంట మోగడం మాత్రం కాసేపు ఆపుతుంది.

నడక. డ్యూటీ దిగాక ఇరవై నిమిషాలు. పరిగెత్తడానికి తయారైన ఒంటిని కూర్చోబెట్టి ఉంచాం కదా రోజంతా, కాసేపు కదలనివ్వాలి. నైట్ సర్వీసుకి వెళ్ళేముందు ఇరవై నిమిషాల కునుకు తీయండి. పొద్దున వచ్చి పడుకునేటప్పుడు గది చీకటి చేయండి, ఇంట్లోవాళ్ళూ ఆ నాలుగైదు గంటలు టీవీ తగ్గించండి. టీ సంగతి, సాయంత్రం ఆరింటికి తాగిన టీలో కెఫీన్ సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. బీపీ గోళీ బాగుందని ఆపేయకండి, అది వేసుకుంటున్నారు కాబట్టే బాగుంది.

ఒకటి మెల్లగా చెబుతాను. రెండు వారాలకి పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం, "నేను లేకపోతేనే ఇంటికి నయం" అనిపించడం, ఇవి అలసట కాదు, జబ్బు. మందులున్నాయి, తగ్గుతుంది. మీకు అనిపించినా, పక్కవాడు ఆ మాట అన్నా నవ్వి వదిలేయకండి, దగ్గర కూర్చుని అడగండి. 14416, టెలీ మానస్, ప్రభుత్వానిదే, పగలూ రాత్రీ, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఈ నంబర్ రెస్ట్ రూమ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి డీఎం గారూ, దానికి పై ఆఫీసు అనుమతి అక్కర్లేదనుకుంటాను.

అటు టేబుల్ మీద మా సిస్టర్ బీపీ మిషన్ పెట్టుకుని కూర్చున్నారు. టీ తాగినవాళ్ళు, సిగరెట్ తాగినవాళ్ళు అరగంట ఆగి రండి. మూత్రం ఆపుకుని రావొద్దు, దానికీ బీపీ పెరుగుతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తున పెట్టి. మిషన్ కొడుతున్నప్పుడు మాట్లాడొద్దు, పక్కవాడి నంబర్ ఎంతొచ్చిందని అసలే అడగొద్దు. నూట నలభై బై తొంభై దాటినవాళ్ళు కంగారుపడకండి, పేరు రాయించుకోండి, ఇంకో రోజు మళ్ళీ చూస్తాం. అక్కలు ముందు రండి. మగవాళ్ళు వెనక లైన్.